సొరుగు సొరుగుకీ ఒక తీర్పు

హాంగ్‌జౌలో పశ్చిమ సరస్సు చూసి ఊళ్ళోకి వచ్చేవాళ్ళు సాధారణంగా వూషాన్ గుట్ట కింద ఉన్న హెఫాంగ్ వీధిలో తేలతారు. పట్టు విసనకర్రలు, టీ పొట్లాలు, కత్తెరలు అమ్మే దుకాణాలు దాటి ఒక సందు మలుపు తిరిగితే కోటగోడలాంటి తెల్లటి గోడ, దాని మీద మనిషి కంటే ఎత్తైన నల్లటి అక్షరాలు కనిపిస్తాయి. అది హూ చింగ్ యూ తాంగ్ అనే మందుల అంగడి. హూ షుయేయాన్ అనే పెద్ద షరాబు 1874లో దాన్ని పెట్టాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆయన దివాలా తీశాడు, 1885లో చనిపోయాడు, అంగడి మాత్రం నిలిచింది. లోపల చెక్కడపు పని నిండిన కలప హాలు, పొడుగాటి బల్ల, బల్ల వెనక నేల నుంచి పైకప్పు దాకా సొరుగుల గోడ. గుమాస్తా చీటీ చూసి, సొరుగు లాగి, చేతి తక్కెడలో తూచి, బల్ల మీద పరిచిన కాగితాల్లో పోస్తాడు. రోజుకో పొట్లం. ఒక కాగితంలో బెరడు ముక్కలు, ఎండిన పూలు, ఏదో వేరు చక్రాలు, ఒక్కోసారి సికాడా పురుగు విడిచిన పొర. ఈ అంగడిలో అందరూ చూపించే ఫలకం ఒకటుంది. మోసం చేయవద్దని హెచ్చరించే ఆ ఫలకాన్ని కొనేవాళ్ళకు కనబడేలా కాక, లోపల పనిచేసేవాళ్ళ వైపు తిప్పి కట్టారు. కొనేవాడికి మందు మంచిచెడ్డలు తెలియవనీ, తెలిసినవాడు బల్లకు అవతలే ఉంటాడనీ ఆ షరాబుకు బాగా తెలుసు.

చైనా వైద్యం గురించి ప్రయాణికులు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇది పనిచేస్తుందా, చేయదా? నమ్మేవాళ్ళు రెండువేల ఏళ్ళ అనుభవం అంటారు, నమ్మనివాళ్ళు మూఢనమ్మకం అంటారు. ప్రశ్నను అలా మొత్తంగా వేసినంతకాలం రెండు జవాబులూ తప్పే అవుతాయని నా వాదన. ఆ గోడలో ఉన్నవి వందల సొరుగులు. ఒకదానిలో పరీక్షకు నిలిచిన మందు ఉంది, దాని పక్కదానిలో మూత్రపిండాలను చంపే విషం ఉండి ఉండవచ్చు, ఆ పక్కదానిలో మేలూ కీడూ చేయని గడ్డి. వాటన్నిటినీ కలిపి ఉంచింది ఒక కొయ్య చట్రం, ఒక సిద్ధాంతం. చట్రం అందంగా ఉన్నంత మాత్రాన ప్రతి సొరుగుకూ పూచీ దొరకదు. చట్రం పాతబడిందని సొరుగులన్నీ వీధిలో పారబోయనూ అక్కర్లేదు.

అందరికీ వచ్చే జబ్బు జలుబుతోనే మొదలుపెడదాం. క్రీస్తు శకం 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చలి వల్ల వచ్చే జ్వరాల మీద రాసిన గ్రంథం ఇప్పటికీ చైనా వైద్య కళాశాలల్లో పాఠ్యం. అందులో మొదటగా వచ్చే మందు దాల్చిన కొమ్మ కషాయం. దాల్చిన కొమ్మ, పియోనీ వేరు, అతిమధురం, అల్లం, ఎండు రేగుపళ్ళు. అయిదే సరుకులు, వాటిలో నాలుగు తెలుగు వంటింటికీ పచారీ కొట్టుకూ పరిచయమైనవే. కానీ నాకు సరుకుల కంటే ఆ తర్వాతి సూచనలే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తాయి. కషాయం తాగిన కాసేపటికి వేడివేడి గంజి తాగాలి. దుప్పటి కప్పుకుని ఒళ్ళంతా సన్నగా చెమట పట్టేదాకా పడుకోవాలి, నీళ్ళు కారేలా మాత్రం పట్టకూడదు. చెమట పట్టి నెమ్మదిస్తే మిగతా మందు ఆపేయాలి. పచ్చివీ, చల్లనివీ, మాంసం, సారా, ఘాటు దినుసులూ అపథ్యం. ఇందులో ఎంత భాగం ఔషధం, ఎంత భాగం విశ్రాంతి, ఎంత భాగం గంజి? విడదీసి చూడకుండా ఎవరూ చెప్పలేరు. అదే గ్రంథంలో చెమట పట్టని జ్వరానికి రాసిన ఇంకో కషాయంలో మా హువాంగ్ అనే పుల్ల ముఖ్యమైనది. దాన్ని విడదీసి చూశారు. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి అందులోంచి ఎఫిడ్రిన్ తీశాడు. 1924లో బీజింగ్ యూనియన్ వైద్య కళాశాలలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు అది గుండె మీద, శ్వాసనాళాల మీద ఎలా పనిచేస్తుందో చూపించారు. ముక్కు దిబ్బడకు మందుల షాపులో ఇచ్చే కొన్ని మాత్రల్లో ఉన్న సూడోఎఫిడ్రిన్ దాని దాయాదే. ఆ పుల్లనే బరువు తగ్గించే గుళికల్లో ఇష్టమొచ్చినట్టు నింపి అమ్మినప్పుడు గుండెపోట్లు, మరణాల ఫిర్యాదులు వచ్చాయి, అమెరికా 2004లో ఆ గుళికలను నిషేధించింది. ఒకే సొరుగులో మందూ ఉంది, ముప్పూ ఉంది. తూకమూ ఎవరికి ఇస్తున్నామన్నదీ తేడా.

చిన్న జబ్బుల దగ్గరే ఏ వైద్యమైనా సులువుగా గెలుస్తుంది, అక్కడే దాన్ని పరీక్షించడం అన్నిటికన్నా కష్టం. జలుబు వారంలో తనంతట తానే పోతుంది. నడుంనొప్పి పెరుగుతుంది, తగ్గుతుంది. నొప్పి బాగా పెరిగిన రోజునే మనిషి వైద్యుడి దగ్గరికి వెళ్తాడు కాబట్టి ఆ తర్వాత తగ్గేదంతా వైద్యుడి ఖాతాలో పడుతుంది. అజీర్ణం, నిద్రలేమి, నెలసరి నొప్పులు, పొడి దగ్గు, ఏ ఊళ్ళో అయినా చైనా వైద్యుడి దగ్గర వరసలో కూర్చున్నవాళ్ళ బాధలు ఎక్కువగా ఇలాంటివే. వీటికి మందు ఇచ్చి తగ్గిందా అని అడిగితే తగ్గిందనే అంటారు. 2003 ఫిబ్రవరిలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సార్స్ మొదలైందన్న పుకారు పాకినప్పుడు జలుబుకు వాడే బాన్‌లాన్‌గెన్ వేరు పొడి, గదిలో మరిగించడానికి వినెగార్ అంగళ్ళలో దొరకకుండా పోయాయి. అవి సార్స్‌ను ఆపిన దాఖలా లేదు. మామూలు జలుబుల మీద జనానికి కుదిరిన నమ్మకమే ఆ రోజు పెద్ద జబ్బు మీదికి పాకింది.

హాంగ్‌జౌ నుంచి వేగరైలు ఎక్కితే అరగంట లోపే షావోషింగ్. తెలుగు పాఠకులకు అనువాదాల్లో తెలిసిన లూ షున్ పుట్టిన ఊరు. ఈ ప్రయాణంలో ఈ మజిలీ తప్పనిసరి, ఎందుకంటే మందుల అంగడి బల్లను కొనేవాడి వైపు నుంచి చూసినవాడు ఆయన. చిన్నతనంలో కొన్నేళ్ళపాటు తాకట్టు కొట్టుకూ మందుల అంగడికీ మధ్య తిరిగాడు. ఒంటికి నీరు పట్టిన తండ్రికి పేరున్న వైద్యులు రాసిన అనుపానాలు వింతగా ఉండేవి: మూడేళ్ళు మంచు తిన్న చెరకు, చలికాలంలో తవ్విన రెల్లు వేరు, ఒకే బొరియలో కాపురమున్న కీచురాళ్ళ జంట. చివరికి చినిగిన డప్పు చర్మంతో చేసిన మాత్రలు. పొట్ట డప్పులా ఉబ్బింది కాబట్టి చినిగిన డప్పు ఆ ఉబ్బును చీలుస్తుందని తర్కం. తండ్రి 1896లో పోయాడు. తర్వాత కొడుకు పాశ్చాత్య వైద్యం చదవడానికి జపాన్ వెళ్ళాడు, మధ్యలో మానేసి రచయిత అయ్యాడు. చైనా వైద్యుల మీద ఆయన కోపం చివరిదాకా చల్లారలేదు. ఆ కోపం ఆయన ఒక్కడిదే కాదు. 1929లో కేంద్ర ఆరోగ్య సమావేశంలో యూ యున్‌షియూ అనే వైద్యుడు పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలని తీర్మానం పెట్టించాడు. మార్చి 17న షాంఘైలో దేశమంతటి నుంచీ వైద్యులూ మందుల వ్యాపారులూ చేరి దాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. డప్పు చర్మం మాత్రను తోసిపుచ్చడంలో లూ షున్‌ది న్యాయమే. అయితే ఆయన తోసిపుచ్చిన గోడలోనే, ఆయనకు తెలియని ఒక సొరుగులో, మలేరియా మందు ఉంది.

ఆ కథ బీజింగ్‌ది. డోంగ్‌జిమెన్ దగ్గర 1955లో చైనా వైద్య పరిశోధనా సంస్థను నెలకొల్పారు. మరుసటి ఏడు బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూలలో చైనా వైద్య కళాశాలలు వెలిశాయి. ఇవాళ మనకు ఏకశిలలా కనబడుతున్న సంప్రదాయం చాలావరకు ఆ కాలపు పాఠ్యపుస్తకాల్లో పోతపోసిందే. అంతకుముందు ఉన్నవి ఒకదానితో ఒకటి తగవులాడుకునే బడులు, వంశాలు, కులవృత్తి రహస్యాలు. వియత్నాం యుద్ధంలో సైనికులను మలేరియా చంపుతుంటే 1967 మే 23న రహస్యంగా ఒక పరిశోధన మొదలైంది. ఈ సంస్థలోని తూ యూయూ బృందం పాత వైద్యగ్రంథాలు తిరగేసి రెండువేలకు పైగా మందుల యోగాలు పోగుచేసింది. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి పనిచేసింది, తర్వాత చేయలేదు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ తన చేతిపుస్తకంలో ఆ ఆకును మరిగించమనలేదనీ, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడనీ ఆమె గమనించింది. వేడి మందును చంపుతోందేమో అనుకుని, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల మలేరియాను పూర్తిగా తుడిచేసింది. మనుషులకిచ్చే ముందు ఆమె, సహచరులు తామే మింగి చూశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ విజయాన్ని మొత్తం వైద్యానికి దక్కిన ముద్రగా ఊరేగించడం బీజింగ్‌లో మామూలే. దీని నుంచి నాకు అర్థమయ్యేది వేరు. రెండువేల యోగాల్లో నిలిచింది ఒకటి. అది నిలిచింది కూడా మామూలు కషాయం రూపాన్ని విడిచిపెట్టాకే. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, బలమైనదే. ఈ వైద్యం మనిషి మొత్తాన్ని చూస్తుంది, ఒకే జలుబుకు ఇద్దరికి రెండు మందులిస్తుంది, ఆకుని తెంపి అణువు తీస్తే అది చైనా వైద్యమే కాదు అంటారు. సరే, అణువు తీయవద్దు. వైద్యుడు నాడి చూసి, నాలుక చూసి, తనకు నచ్చిన కషాయమే రాయనివ్వండి. ఆ చీటీ ప్రకారం మందు పొందినవాళ్ళనూ, తెలియకుండా రుచీ రంగూ అలాగే ఉన్న ఉత్తి కషాయం పొందినవాళ్ళనూ పోల్చవచ్చు. మనిషికో మందు అన్న పద్ధతి పరీక్షకు అడ్డం కాదు. అసలు సొరుగు సొరుగునూ తూచి చూడడం పరాయి అలవాటు కూడా కాదు. 16వ శతాబ్దంలో హూబేకి చెందిన లీ షీజెన్ 27 ఏళ్ళు కష్టపడి 1,892 ద్రవ్యాల మీద మహా నిఘంటువు రాశాడు. ఒకే మొక్కను రెండు పేర్లతో, రెండు మొక్కలను ఒకే పేరుతో రాసిన పాతవాళ్ళను సరిదిద్దాడు, పాదరసం తింటే చావు లేదన్నవాళ్ళను ఏకిపారేశాడు.

పేర్ల గందరగోళం పండితుల గొడవ మాత్రమే అయితే బాగుండేది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గడానికి ఒక క్లినిక్కులో చైనా మూలికల గుళికలు మింగిన స్త్రీలకు వరసగా మూత్రపిండాలు పాడయ్యాయి. ఫాంగ్‌జీ అన్న పేరు కింద స్టెఫానియా అనే మొక్క రావలసిన చోట అరిస్టలోకియా అనే వేరే మొక్క వచ్చింది. చైనాలో కథ ఇంకా పాతది. కళ్ళు ఎర్రబడడం, నోరు చేదు, చిరాకు వంటి మామూలు బాధలకు దశాబ్దాలుగా చాలామంది మింగిన లాంగ్‌డాన్ మాత్రల్లో మూతోంగ్ అనే కాడ ఉంటుంది. పూర్వం అది అకేబియా తీగ. ఇరవయ్యో శతాబ్దంలో దాని స్థానంలోకి ఈశాన్యంలో దొరికే అరిస్టలోకియా కాడ చేరింది. సొరుగు మీద పేరు మాత్రం మారలేదు. మూత్రపిండాలు మెల్లగా పోతాయి, ఏళ్ళ కిందట మింగిన మాత్ర ఎవరికీ గుర్తు రాదు. చైనా ప్రభుత్వం ఆ కాడను ఔషధ ప్రమాణాల నుంచి 2003లో తొలగించింది. ఈ జాతి మొక్కల్లోని ఆమ్లం మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా కలిగిస్తుందని తర్వాత రూఢి అయింది. ఇది దూరపు కథ అనుకోనక్కర్లేదు. పాముకాటుకని తెలుగు పల్లెల్లో నూరి పోసే నల్ల ఈశ్వరి కూడా అరిస్టలోకియానే, అందులోనూ ఆ ఆమ్లం ఉంది.

తూచి చూడనప్పుడు ఏమవుతుందో ఆ కాడ చెబితే, తరాల చేతిపని ఎంత నికార్సయిన జ్ఞానం పోగుచేయగలదో సిచువాన్ చెబుతుంది. చెంగ్దూకు ఉత్తరాన జియాంగ్‌యూ ప్రాంతం వసనాభి జాతి దుంప ఫూజీకి పేరుపడ్డది. కీళ్ళనొప్పులకు, చేతులూ కాళ్ళూ చల్లబడే నీరసానికి వాడతారు. పచ్చిది కొద్దిగా లోపలికి పోయినా గుండె లయ తప్పి మనిషి పోతాడు. అక్కడివాళ్ళు దుంపను ఉప్పు మడ్డి నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఉడికించి, పొట్టు తీసి, చెక్కలు కోసి, మళ్ళీ కడిగి ఆరబెడతారు. కషాయం కాచేటప్పుడు మిగతా సరుకుల కంటే ముందే పొయ్యి మీద పెట్టి గంటకు తగ్గకుండా మరిగిస్తారు. నీళ్ళు, వేడి కలిసి దుంపలోని విషం అకోనిటైన్‌ను చాలా రెట్లు తక్కువ విషమైన రూపంలోకి విరగ్గొడతాయని రసాయన శాస్త్రం తర్వాత చెప్పింది. ఆయుర్వేదంలో వసనాభిని గోమూత్రంలోనో పాలలోనో శుద్ధి చేయడం వెనకా ఇదే సంగతి. ఈ మందు శరీరంలోని యాంగ్ అగ్నిని వెలిగిస్తుందన్న సిద్ధాంతం ఉన్నా లేకున్నా ఆ మరిగించే పద్ధతి నిజం. అలాగని దుంప కీళ్ళనొప్పిని తగ్గిస్తుందా అన్నది దానితో తేలదు. విషం తీయడం వేరు, మందు కావడం వేరు.

ఇక ఆక్యుపంక్చర్ సూదులు. 1971 జూలైలో అమెరికా విలేకరి జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. మత్తు మామూలు ఇంజెక్షన్‌దే. ఆ తర్వాత కడుపు ఉబ్బరానికి మాత్రం సూదులు గుచ్చారు. ఆయన ఉన్నదున్నట్టే రాశాడు, లోకం మాత్రం సూదులతోనే ఆపరేషన్ చేశారని చెప్పుకుంది. అంతకు దాదాపు నూటయాభై ఏళ్ళ ముందే, 1822లో, చింగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలలో సూదుల విభాగాన్ని మూయించాడన్న సంగతిని సూదుల ప్రచారకులు అంతగా తలుచుకోరు. జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలపు నడుంనొప్పి రోగుల మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్ష చూడండి. పద్ధతి ప్రకారం సూదులు గుచ్చినవాళ్ళలో 47.6 శాతానికి, నాడీ స్థానాలు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతానికి, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 27.4 శాతానికి మేలు కనిపించింది. మొదటి రెంటికీ మధ్య లెక్కలోకి వచ్చే తేడా లేదు. ఎక్కడ గుచ్చాలో చెప్పే పద్నాలుగు నాడీమార్గాల పటం నడుంనొప్పి విషయంలో ఏమీ కలపలేదన్నమాట. ఎక్కడ గుచ్చినా తగ్గుతోందిగా, ఇంక గొడవేమిటి అంటారు కొందరు. నడుంనొప్పికైతే ఆ మాటను నేను సగం ఒప్పుకుంటాను. మామూలు వైద్యమని చెప్పుకునేది ఎంత బలహీనంగా ఉందో కూడా ఆ అంకెలు బయటపెట్టాయి. కానీ రోగి బాధను తానే కొలిచి చెప్పే జబ్బుకు దొరికిన సడలింపును ఆస్తమాకో మూర్ఛకో పొడిగించడానికి వీల్లేదు. పటం నిజమని నమ్మిన వైద్యుడు పొడిగించకుండా ఆగడు కూడా.

దక్షిణాన గ్వాంగ్‌జౌకు వచ్చేసరికి ఈ తీవ్రత అంతా కాస్త సడలుతుంది. వీధి మలుపుల్లో చల్లటీ అంగళ్ళు. ఇత్తడి గుండిగల్లో మరిగిన నల్లటి కషాయం చిన్న గిన్నెల్లో, కప్పుల్లో పోస్తారు. ఇరవైనాలుగు రుచులని పిలిచే రకం పరమ చేదు. ఉక్కపోతకు, గొంతు మంటకు, మొటిమలకు, వేపుళ్ళు ఎక్కువ తిని ఒంట్లో వేడి చేసినప్పుడు తాగుతారు. వేడి చేయడమంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1828లో మొదలైన వాంగ్ లావ్ జీ అంగడి పేరు ఇవాళ ఎర్ర డబ్బాలో అమ్మే తియ్యటి పానీయం పేరు. వేడి చేస్తుందని భయమైతే ఇది తాగండన్న ప్రకటనతో కారపు హాట్‌పాట్ హోటళ్ళన్నిటా నిండిపోయింది. ఆ డబ్బాలో ముఖ్యంగా ఉన్నది నీళ్ళూ చక్కెరా. చేదు గిన్నెతో నాకు పేచీ లేదు. దాని మీద ఎవరూ ప్రాణం నిలపరు, వేడి అన్న మాట అక్కడ ఒక రోగనిర్ణయంగా కంటే తిండి మీద అదుపుగా పనిచేస్తుంది. ఏ సొరుగుకు ఎంత గట్టి రుజువు అడగాలన్నది అది మోసే బరువును బట్టి ఉంటుంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది: రెండువేల ఏళ్ళు కోట్లమంది వాడి చూశారు, అంతకు మించిన పరీక్ష ఏముంది? ఈ మాట ఇప్పుడు చట్టం కూడా అయింది. 2018లో చైనా ప్రభుత్వం ప్రాచీన గ్రంథాల నుంచి 100 యోగాల జాబితా ప్రకటించింది. వాటిని మందులుగా తయారుచేసేవాళ్ళు విషగుణ పరీక్షలు చూపిస్తే చాలు, రోగుల మీద పరీక్షలు చేయనక్కర్లేదు. ఆ అనుభవం దేని మీద జరిగిందో ఒకసారి దాల్చిన కొమ్మ కషాయంలోనే చూడవచ్చు. గ్రంథంలో దాల్చిన కొమ్మ మూడు లియాంగ్‌లు వేయమని ఉంది. పాత లియాంగ్‌కు బదులు తన కాలపు ఒక చియెన్, అంటే మూడు నాలుగు గ్రాములు, వాడితే చాలునని లీ షీజెన్ రాశాడు. ఆ లెక్క పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, ఇవాళ వైద్యుడు సుమారు 9 గ్రాములు రాస్తాడు. తవ్వకాల్లో దొరికిన, ఆ గ్రంథం నాటి హాన్ రాజుల కాలపు తూనికరాళ్ళను తూచిన పండితులు లియాంగ్ పదిహేను గ్రాములకు పైనే అన్నారు. అలాగైతే అసలు మోతాదు 45 గ్రాముల చుట్టుపక్కల. అయిదు రెట్ల తేడా. హాన్ కాలపు రోగి తాగినదీ, లీ షీజెన్ తర్వాత రోగులు తాగుతున్నదీ పేరుకు ఒకే కషాయం. ఒకటి ఎక్కువై ఉండాలి, లేదా ఇంకొకటి చాలకుండా ఉండాలి, లేదా రెండు మోతాదులకూ జలుబు ఒకేలా వారంలో పోతూ ఉండాలి. ఈ మూడింట్లో ఏది నిజమో ఏ ప్రాచీన గ్రంథమూ చెప్పలేదు. ఇవాళ జలుబు చేసిన కొన్ని వందల మందికి 9 గ్రాములది, 45 గ్రాములది, ఉత్తి గంజి విడివిడిగా ఇచ్చి చూస్తే తెలుస్తుంది. 2018 జాబితా తన 100 యోగాలకూ వద్దన్నది అలాంటి పరీక్షనే.